వతన్ ఎవరిదని అడిగిన మౌల్సాబు

ఈ పంద్రాగస్టు నాడు పొద్దున్నే మా గల్లీ మొదట్లో మైకు పెట్టారు. గొంతు బొంగురుపోయిన ఆ మైకులోంచి హిందీ పాటలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. నేను ముందరి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాను. ఏదో పాట మధ్యలో 'వతన్' అన్న మాట చెవిన పడింది. అంతే, చేతిలోని కప్పు సాసరు మీద టకటకా కొట్టుకుంది. మా కోడలు లోపలినుంచి వచ్చి, "ఏమైంది మామా, సలి పెడుతున్నదా?" అని అడిగింది. ఆగస్టు నెలలో నిజామాబాదులో చలేమిటి? అయినా అవునన్నాను. డెబ్బై అయిదేళ్ల మనిషి ఒక్క మాట విని వణికాడంటే బి.పి. మాత్ర మింగించి పడుకోబెడతారు.

ఆ మాట ఇవాళ ఎవరినీ భయపెట్టదు. నా పందొమ్మిదో ఏట మాత్రం అది ఒక మంచి మనిషి నౌకరీని మింగేసింది. మాట మింగిందని ఊరికే అంటున్నాను. ఆ మాటను తీసుకెళ్లి పెద్దల చేతిలో పెట్టింది నేనే. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే అప్పటి దిగ్భ్రమ అలాగే ఉంటుంది. అందుకే ఆయన గురించి, ఆయనను చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆయన పేరు జలీల్. ఊరంతా మౌల్సాబు అనేది. నిజాం రోజులవి. ఎడపల్లికి కోసెడు దూరంలో ఉన్న మా ఊరి సర్కారు బడికి ఆయన పెద్ద పంతులు, నేను రెండో పంతులు. మూడో పంతులు లేడు. కొత్తగా కాలువ నీళ్లు వచ్చి జొన్న చేలన్నీ చెరకు తోటలవుతున్నాయి. బోధన్‌లో చక్కెర కార్ఖానా పడుతుందని జనం అప్పుడప్పుడే చెప్పుకుంటున్నారు. బడిలో చదువు ఉర్దూలో, పిల్లలకు వచ్చింది తెలుగు. ఏడాదంతా పిల్లలు చిలకల్లా వల్లించి, పరీక్షనాడు అప్పజెప్పి, ఆ మర్నాడు మరిచిపోయేవారు. మౌల్సాబు ఒక్కడే ఉర్దూ కితాబు చేతిలో పట్టుకుని పాఠం తెలుగులో చెప్పేవాడు. అది సర్కారు కాయిదాకు విరుద్ధమని తెలిసే చెప్పేవాడు.

ఆయన బోధన్‌లో పుట్టి పెరిగినవాడు. తెలుగు మాలాగే మాట్లాడేవాడు గాని రాయడం రాదు. నలభై అయిదేళ్ల వయసులో నా దగ్గర అక్షరాలు దిద్దుకున్నాడు. బడి వదిలాక పిల్లలు కూర్చునే చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. పగలంతా నన్ను "రాజలింగం" అని పిలిచే మనిషి ఆ గంట సేపు మాత్రం "ఉస్తాద్" అనేవాడు. నాకు సిగ్గేసేది. "నౌకరీల నేను పెద్ద, అక్షరాల నువ్వు పెద్ద. సిగ్గెందుకు?" అనేవాడు. ఆయన రాసే 'త'కు తలకట్టు ఎప్పుడూ పక్కకు జారేది. నేను దిద్దితే బుద్ధిగా మళ్లీ రాసేవాడు.

పిల్లలను ఆయన కొట్టగా నేను చూడలేదు. ఆ కాలపు పంతుళ్లకు చేతిలో బెత్తం లేకపోతే చెయ్యి విరిగినంత వెలితి. నేనూ చింత బరిగె ఒకటి నునుపు చేసి పెట్టుకున్నాను. ఒకనాడు ఒక పిల్లవాడు ఎక్కం తప్పు చెప్తే బరిగె ఎత్తాను. మౌల్సాబు వచ్చి నా చెయ్యి పట్టుకోలేదు, నన్నేమీ అనలేదు. ఆ పిల్లవాడి పక్కన కూర్చుని, "నీకు గట్ల ఎందుకు అనిపించింది?" అని అడిగాడు. వాడు వేళ్లు ముడుస్తూ లెక్క పెట్టిన తీరంతా చూపించాడు. తప్పు ఎక్కడ జరిగిందో వాడే కనిపెట్టాడు. "తప్పు చెప్పెటోని తాన కూడ ఏదో ఒక లెక్క ఉంటది, రాజలింగం. గది ఇననిదె తప్పని ఎట్లంటం?" అన్నాడు నాతో. ఆ బరిగెను నేను ఆ సాయంత్రమే విరిచేశాను.

ఆ చలికాలం ఒకరోజు తవారీఖు పాఠం, అంటే చరిత్ర. ఫ్రాన్సు దేశంలో అల్లరి మూకలు రాజు మీద తిరగబడ్డాయని, ఎంతో నష్టం జరిగిందని కితాబులో అయిదే వాక్యాలు ఉన్నాయి. ఆయన చదివి కితాబు మూసేశాడు. "గింతే కాదు" అని మొదలుపెట్టాడు.

"అంతకుముందుగాల గా మనుషులు ఎవలు? ఒకడు గీ దొర రైతు, ఇంకొకడు గా దొర కూలి. ఒక మూలకున్నోని బాస ఇంకొక మూలకున్నోనికి తెలువకపోయేది. అందరికి రాజు ఒక్కడు, గంతే. గా రాజును దించినంక ఒకల మొకం ఒకలు సూసుకున్నరు. మరి ఇగ మనం ఎవలం అని. అప్పుడు, గీ వతన్ మనది అన్నరు. గా మాట అన్నంకనే వాళ్లు ఒక్క కౌమ్ అయిండ్రు. అన్నదాంక కౌమ్ లేకుండె."

నేను తలుపు దగ్గర నిలబడి వింటున్నాను. కౌమ్, అంటే జాతి అనేది కొండలాగా, వాగులాగా ముందునుంచే ఉండేదని నేను అనుకునేవాణ్ణి. మనుషులు కలిసి ఒక మాట అంటే పుట్టుకొస్తుందా? రాజు లేకపోతే మనమెవరమన్న ప్రశ్న అంతవరకు నాకెన్నడూ రాలేదు. ఆ కాలంలో అది రావలసిన ప్రశ్న కూడా కాదు.

మౌల్సాబు పిల్లలకేసి తిరిగి, "వతన్ అంటె ఏందో, గది ఎవలిదో తెలుసునా?" అని అడిగాడు. ఎన్నడూ లేవని చేతులన్నీ ఒక్కసారి లేచాయి. అందరూ ఒక్క గొంతుతో, "పటేల్‌ది" అన్నారు.

ఇక్కడ చదివేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఉర్దూ కితాబుల్లో వతన్ అంటే మనిషి పుట్టిన గడ్డ, స్వదేశం. మా ఊళ్లల్లో మాత్రం వతన్ అంటే పటేలుగిరీ, పట్వారీగిరీ. తండ్రి నుంచి కొడుక్కు వచ్చే ఊరి అధికారం, దాంతో పాటు వచ్చే భూమి, దాంతో పాటు వచ్చే వెట్టి. ఫలానావాడికి వతన్ ఉందంటే ఊరు వాడి మాట వింటుందని అర్థం. పిల్లలకు ఆ ఒక్క అర్థమే తెలుసు. మౌల్సాబుకు ఈ రెండో అర్థం తెలియక కాదు, ఆ క్షణంలో తట్టలేదు.

ముందు వరుసలో చాకలి ఎల్లయ్య బిడ్డ లచ్చవ్వ కూర్చుని ఉంది. తొమ్మిదేళ్లుంటాయి. బడిలో ఉన్న ఆడపిల్లలు ఇద్దరే. ఆమెను ఆయన మామూలుగానే అడిగాడు, "నీకు గట్ల ఎందుకు అనిపించింది, బిడ్డా?"

"మా బాపు చెప్పిండు మౌల్సాబ్. వతన్ పటేల్‌కు ఉంటది, పట్వారికి ఉంటది. మాకు ఉండది."

"మీకు ఎందుకు ఉండది?"

"ఏమో. మాకు ఉండది. గట్ల అడుగద్దు కూడ."

పిల్ల ఏడుస్తూ చెప్పలేదు, కోపంగా చెప్పలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. పాఠం చెప్పేటప్పుడు ఎన్నడూ కూర్చోని మనిషి మెల్లగా ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. కాసేపటికి నన్ను పిలిచి, "ఉస్తాద్, వతన్‌ను తెలుగుల ఏమంటరు?" అన్నాడు. పగటిపూట పిల్లల ముందు నన్ను ఉస్తాద్ అనడం అదే మొదలు.

దేశం అనబోయి ఆగాను. మా ఊళ్లో పెండ్లాంతో కొట్లాడి ఇల్లు విడిచిపోయినవాణ్ణి "దేశాలు పట్టి పోయిండు" అంటారు. దేశమంటే పోయినవాడు తిరిగిరాని చోటు. "దేశమంటె యాడ్నో దూరం ఉండేది అనుకుంటరు మౌల్సాబ్. వతన్ అనే ఉండనియ్యిండ్రి" అన్నాను. పెద్ద తెలివైనవాణ్ణి కదా. ఆయన నా మాట విని, సుద్దముక్క తీసి, జారిపోయే తలకట్లతో నల్లబల్ల మీద తెలుగులో రాశాడు. 'ఈ వతన్ మన అందరిది.' ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ పిల్లల చేత పదిసార్లు చదివించాడు. వాళ్ల భాష అక్షరాల్లో, వాళ్లకు అర్థమయ్యే మాట ఆ గోడల మధ్య చదవడం అదే మొదటిసారి. కప్పు ఎగిరిపోయేట్టు చదివారు. బల్ల పైమూలన ఉన్న ఆ వాక్యాన్ని ఆయన ఆ తర్వాత తుడవలేదు.

మర్నాడు పొద్దున నేను పటేలు గానుగ పక్కనుంచి బడికి వస్తున్నాను. చెరకు కొట్టే రోజులు. ఊళ్లో ఎవరి చెరకు ఆడాలన్నా ముందు పటేలు చెరకు ఆడాలి, ఇంటికొక మనిషి కూలి లేకుండా రావాలి. ఆ పొద్దు గానుగ దగ్గర ఎద్దులు లేవు, మనుషులు లేరు, బెల్లం పొయ్యిలో నిప్పు లేదు. నిన్న నరికిన చెరకు మోపులు మోపులుగా ఎండకు పడి ఉంది. పటేలు నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఎల్లయ్య, ఆయన వెనక ఇరవై ముప్పై మంది. చాకలి, మంగలి, కుమ్మరి, ఇద్దరు ముగ్గురు రైతులు. అటువంటివాళ్లు అంత దగ్గరదగ్గరగా నిలబడగా నేను పుట్టి చూడలేదు.

"ఏందిర ఎల్లా, పొద్దెక్కిన ఒక్కడు రాకపాయె?" అన్నాడు పటేలు.

ఎల్లయ్య రెండు చేతులూ కట్టుకునే చెప్పాడు. "వతన్ అందరిదైంది గద పటేలా. సర్కారు బడిల రాసిండ్రు. మా బిడ్డ సదివి చెప్పింది. ఇగ ఎవలి చెరుకు వాళ్లం ఆడుకుందం."

అందులో ఎగతాళి లేదు, ధిక్కారం లేదు. అదే నన్ను కొయ్యబార్చింది. సర్కారు బడి బల్ల మీద ఉర్దూ తప్ప ఇంకో అక్షరం ఎవరూ చూసి ఎరుగరు. తెలుగులో రాశారంటే ఊరి కోసం రాశారనుకున్నారు, నిజాం ఫర్మానా వచ్చిందనుకున్నారు. ఒకవేళ నిజంగానే వచ్చిందేమోనన్న అనుమానం పటేలు కళ్లలో కూడా కనిపించింది.

నేను ఒక్క పరుగున బడికి వెళ్లి చెప్పాను. మౌల్సాబు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "పోయి చెప్దం మౌల్సాబ్, గది వేరే వతన్ అని" అన్నాను. లేచి చెప్పులు వేసుకున్నాడు. గడప దాకా వచ్చి నిలబడిపోయాడు.

"ఏమని చెప్పాలె, రాజలింగం? వతన్ మీది కాదు అని చెప్పాలెనా?"

ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్లి హాజరు పిలవడం మొదలుపెట్టాడు. ఆయన వెళ్లి ఉంటే ఆ పూటతో గొడవ సమసిపోయేది. వెళ్లకపోతే ఏమవుతుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

నాలుగోరోజు స్కూళ్లను తనిఖీ చేసే ముహతమీం సాబు వచ్చాడు. వెంట పటేలు, ఇద్దరు పోలీసు జవాన్లు. ముహతమీం సాబు హైదరాబాదు మనిషి, మాట్లాడినదంతా ఉర్దూలో. పటేలు ఫిర్యాదు ఒకటే. తాతల నాటినుంచి వస్తున్న తన ఖాందానీ వతన్ అందరిదీ అని మౌల్సాబు ఊరిని రెచ్చగొట్టాడని. పిల్లలు లోపల చాప మీద ఉన్నారు. మౌల్సాబును ఒక పక్కన నిలబెట్టి, ముందు నా బయాను, అంటే వాంగ్మూలం రాసుకుంటానన్నాడు ముహతమీం సాబు.

పటేలు వతన్ మీద చెయ్యి వేయడం కంటే పెద్ద నేరం ఆ ఊళ్లో నాకు తెలియదు. ఎట్లాగైనా ఆ నింద తప్పించాలి. నాకు వచ్చిన ముక్కల ఉర్దూలో గబగబా చెప్పాను. "హుజూర్, ఆయన చెప్పింది పటేలు వతన్ కాదు. ముల్క్ సంగతి, దేశం సంగతి చెప్పాడు. ఫ్రాన్సులో రాజును దించి జనం మా వతన్ అన్నారని చెప్పాడు. అట్లాగే ఈ ముల్క్ మనందరిదీ అన్నాడు. పటేలును ఒక్క మాట అనలేదు."

ముహతమీం సాబు కలం ఆగింది. తలెత్తి నన్ను చూసి, నెమ్మదిగా అడిగాడు. "ఇది రాసుకోమంటావా?"

"రాసుకోండి హుజూర్, నిజం" అన్నాను.

"ఇంకొకసారి ఆలోచించుకో. ఇదే రాసుకోనా?"

ఆ ముసలాయన నాకు తప్పించుకునే దారి చూపిస్తున్నాడని నాకు వెలగలేదు. నా మాట నమ్మడం లేదనుకున్నాను. పిల్లలనూ అడగమన్నాను. పటేలు కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆయనకు కావలసింది మౌల్సాబు వచ్చి మాఫీ అడగడం, గానుగ తిరగడం. అంతకు మించి ఆయన ఆశించలేదు.

ముహతమీం సాబు మౌల్సాబు వైపు తిరిగాడు. "మీరేమంటారు? ఈ కుర్రవాడికి ఉర్దూ సరిగా రాదు. పొరపాటు పడ్డాడేమో." అది రెండో దారి. నన్ను అబద్ధాలకోరన్నా, తెలివితక్కువవాడన్నా సరిపోయేది. రెండోది నిజం కూడా. మౌల్సాబు లోపలికి ఒకసారి చూశాడు. పిల్లలందరూ మెడలు చాచి వింటున్నారు.

"సహీ చెప్పిండు. నేను గదే అన్న" అన్నాడు. అక్కడున్న పెద్దలందరికీ ఉర్దూ వచ్చు. ఆ మాట మాత్రం తెలుగులో అన్నాడు, పిల్లలకు తెలియాలని.

పోతూ పోతూ ముహతమీం సాబు నన్ను పక్కకు పిలిచాడు. "పిచ్చివాడా, పటేలుతో తగువైతే బాల్కొండకో ఇంకెక్కడికో బదిలీ చేసి మాఫీ చేద్దామనుకున్నాను. ముల్క్ హుజూర్ నిజాం వారిది. అందరిదీ అన్నాడని నువ్వు పోలీసుల ముందు చెప్తే నేనేం చెయ్యను?" కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను వేసిన మందు అది. ఊరి అధికారం కంటే పెద్ద అధికారం ఒకటుందని, నా కంటికి అది కనబడకపోవడమే దాని బలమని ఆ రోజు తెలిసింది.

నెల తిరక్కుండా ఆయనను బర్తరఫ్ చేశారు. ఇక రాజ్యంలో ఏ బడిలోనూ చెప్పకూడదని హుకుం. గానుగ అప్పటికే తిరుగుతోంది. జవాన్లు రెండు రోజులు ఊళ్లో ఉండి ఎవరిని కొట్టాలో వాళ్లను కొట్టారు. ఆయన వెళ్లేనాడు ఊరివాళ్లు గుమ్మాల్లోనే నిలబడ్డారు. ఎల్లయ్య ఒక్కడే, నడుము సరిగా నిలవకపోయినా, ట్రంకుపెట్టె మోసుకొచ్చి బండిలో పెట్టాడు. "నాలుగొద్దులు మాది మాకున్నది మౌల్సాబ్" అన్నాడు. నేను ఏడ్చాను. నా భుజం తట్టి మౌల్సాబు బండి ఎక్కాడు.

ఆయన జాగాలో నన్ను వేశారు. రెండో పంతులు పెద్ద పంతులయ్యాడు. ఎంత సిగ్గుచేటైనా చెప్పాలి, కుర్చీ దొరికినందుకు నా మనసులో ఏ మూలో సంతోషం కూడా ఉండింది.

ఎండాకాలం సెలవుల్లో గాని ఆయన ముఖం చూసే ధైర్యం రాలేదు. నిజామాబాదులో కచేరి ముందు రేకుల నీడలో కూర్చుని అర్జీలు రాస్తున్నాడు. మనిషి చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, చాయ్ తెప్పించి, నా సాసరులో ఆయనే పోశాడు.

"బడి నడుస్తున్నదా?"

"నడుస్తున్నది మౌల్సాబ్."

"లచ్చవ్వ వస్తున్నదా?"

"వస్తలేదు. బట్టల మూట మోస్తున్నది." ఆయన తల దించుకున్నాడు. నేను ఆగలేక, "నన్ను మాఫ్ చెయ్యిండ్రి" అన్నాను.

"దేనికి? నిజం చెప్పినందుకా? నౌకరీదేముంది, గీడ కూసొని బతుకుతలేనా? పోరగాండ్ల ముంగట మాట కాదంటె, గప్పుడు నేను మునిగిపోదును." చిన్నపిల్లవాడిలా ఆశగా అడిగాడు. "నా అక్షరాలు, బల్ల మీదియి, ఉన్నయా ఇంక?"

"లేవు మౌల్సాబ్. పటేల్ మనుషులు వచ్చి తుడిపిచ్చిండ్రు."

"పాపం, వాళ్ల భయం వాళ్లది" అన్నాడు.

ఆ తర్వాత నేను ముప్పై ఏళ్లకు పైగా పంతులు పని చేశాను. తప్పు చెప్పిన పిల్లలను "నీకు గట్ల ఎందుకు అనిపించింది?" అని అడిగే అలవాటు ఆయన ఇచ్చిందే. నా శిష్యులు అది నా గొప్ప అనుకుంటారు. నాతో ఉన్నది అదొక్కటే అయితే ఈ వయసులో హాయిగా చాయ్ తాగేవాణ్ణి. పటేలు మనుషులెవరూ బడికి రాలేదు. బల్ల మీది మాట తుడవమని నాతో ఎవరూ అనలేదు. ముహతమీం సాబు మరిచిపోయాడు, గానుగ తిరిగాక పటేలుకు అది గుర్తే లేదు. మౌల్సాబు బండి ఎక్కిన మర్నాడు, పిల్లలు రాకముందే వచ్చి, తలుపు గడియ వేసి, నీళ్లు చల్లి, మరక కూడా కనబడకుండా తుడిచింది నేనే. వాళ్ల భయం వాళ్లదని ఆయన జాలిపడుతుంటే, ఆయన ఎదురుగా కూర్చుని నేనూ తల ఊపాను.